పొద్దుగూకని ప్రయాణంలో రాత్రి సూది ఎప్పుడు?

ప్రశ్న: నమస్తే. మాది నకిరేకల్. డల్లాస్‌లో ఉన్న మా బిడ్డకు జూన్‌లో పురుడు. నేనూ మా ఆయనా పోతున్నాం. ఇద్దరం విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. అల్లుడు పంపిన టికెట్ ప్రకారం గురువారం తెల్లవారుజామున 4:20కి శంషాబాద్‌లో ఎక్కాలి. దుబాయ్‌లో 6:50కి దిగి 9:40కి ఇంకో విమానం ఎక్కాలి. అదే గురువారం సాయంత్రం 4:50కి డల్లాస్‌లో దిగుతాం. లెక్కేస్తే పన్నెండున్నర గంటలే వస్తోంది. అల్లుడేమో ఇరవై మూడు గంటలు అంటున్నాడు. పక్కింటి పిల్లవాడు ఫోన్‌లో చూసి దూరం 14,400 కిలోమీటర్లు అన్నాడు, టికెట్ ఆఫీసు ఆయన 15,500 అన్నాడు. ఎవరి మాట నమ్మాలి? పటంలో డల్లాస్ మనకు పడమట ఉంటే విమానం ఉత్తరాన మంచు దేశాల మీదుగా ఎందుకు పోతుందట? నాకు షుగర్. పొద్దున, మధ్యాహ్నం గోలీలు, రాత్రి తొమ్మిదికి ఇన్సులిన్ సూది. మా ఆయనకు మోకాళ్ల నొప్పులు. రెండు చోట్ల మారే ఇంకో టికెట్ ధర బాగా తక్కువట, దానికి మార్పించుకుందామని ఆయన పట్టు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక అమ్మ, నకిరేకల్

జవాబు: అక్కా, మీ అల్లుడు చెప్పిందే సరైన లెక్క. శంషాబాద్‌లో విమానం కదిలినప్పటి నుంచి డల్లాస్‌లో ఆగేదాకా ఇరవై మూడు గంటలు. అలాగని టికెట్‌లో తప్పేమీ లేదు. టికెట్ మీద ఏ ఊరి సమయం ఆ ఊరి గడియారం ప్రకారమే వేస్తారు. 4:20 మన సమయం, 6:50, 9:40 దుబాయ్ సమయాలు, 4:50 డల్లాస్ సమయం. ఒక ఊరి గడియారం అంకెలోంచి ఇంకో ఊరి గడియారం అంకె తీసేస్తే ప్రయాణ సమయం రాదు. అన్నిటినీ ముందు ఒకే గడియారంలోకి మార్చుకోవాలి. ఆ గడియారం మీ ఇంటి గోడ మీదదే కావాలని నా సలహా.

మార్చి చూద్దాం. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. అక్కడ 6:50కి దిగుతున్నారంటే నకిరేకల్‌లో 8:20. అంటే మొదటి విమానంలో నాలుగు గంటలు. దుబాయ్‌లో 9:40 అంటే మనకు 11:10, కాబట్టి మధ్యలో ఆగేది రెండు గంటల యాభై నిమిషాలు. డల్లాస్ జూన్ నెలలో మనకంటే పదిన్నర గంటలు వెనక. అక్కడ గురువారం సాయంత్రం 4:50 అయ్యేసరికి మన దగ్గర శుక్రవారం తెల్లవారుజాము 3:20. అంటే రెండో విమానంలో పదహారు గంటల పది నిమిషాలు. మూడూ కలిపితే ఇరవై మూడు. మీ పన్నెండున్నరకు ఆ పదిన్నర కలిపినా అదే వస్తుంది.

ఇక దూరం. పక్కింటి పిల్లవాడి మాటా నిజమే, టికెట్ ఆఫీసు ఆయన మాటా నిజమే. శంషాబాద్ నుంచి డల్లాస్‌కు భూమి మీద అతి దగ్గరి దారి దాదాపు 14,400 కిలోమీటర్లు. మీరు ఆ దారిలో పోవడం లేదు, దుబాయ్‌లో దిగి పోతున్నారు. శంషాబాద్ నుంచి దుబాయ్‌కి సుమారు 2,550, దుబాయ్ నుంచి డల్లాస్‌కు సుమారు 12,900. కలిపితే 15,450 దాకా అవుతుంది, ఆయన దాన్నే 15,500 అన్నాడు. దుబాయ్‌లో దిగినందుకు మీకు పెరిగే దూరం వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు, గాలిలో గంటా ఇరవై నిమిషాల ప్రయాణం. ఇంత పెద్ద దారిలో అదేమంత ఎక్కువ కాదు.

నేరుగా పోయే విమానం ఎందుకు లేదని మీరు అడగలేదు కానీ మీ ఆయన అడిగి ఉంటారు. అంత దూరం ఆగకుండా ఎగరగల విమానాలు ఉన్నాయి. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లకు పైగా ఒకే ఊపులో పోతున్నాయి, పద్దెనిమిది గంటల పైనే పడుతుంది. 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి షికాగోకు కూడా ఎయిర్ ఇండియా నేరుగా విమానం మొదలుపెట్టింది, తర్వాత అది ఆగిపోయింది. అంత దూరానికి విమానం మోసుకుపోయే ఇంధనంలో కొంత భాగం ఆ ఇంధనం బరువును మోయడానికే కాలిపోతుంది. రోజూ సీట్లు నిండితే తప్ప కంపెనీకి గిట్టుబాటు కాదు. దుబాయ్, దోహా లాంటి చోట్లయితే పది ఊళ్ల నుంచి వచ్చినవాళ్లను ఒక విమానంలో నింపి పంపవచ్చు.

మంచు దేశాల మీదుగా ఎందుకన్నది చాలామందిని తికమక పెట్టే ప్రశ్న. దీనికి మాటలకంటే చేతిలో పండు మేలు. నల్లగొండ జిల్లాలో బత్తాయికి కొదవ లేదు కదా, ఒకటి తీసుకోండి. తొడిమ ఉన్న చోటు ఉత్తర ధ్రువం అనుకోండి. నడుముకూ తొడిమకూ మధ్య, నడుముకు కాస్త దగ్గరగా ఒక చుక్క పెట్టండి, అది శంషాబాద్. పండును దాదాపు సగం తిప్పి, వెనక వైపు ఇంకాస్త పైన రెండో చుక్క పెట్టండి, అది డల్లాస్. ఇప్పుడు ఒక దారం తీసుకుని రెండు చుక్కల మధ్య బిగించి లాగండి. దారం నడుము చుట్టూ తిరిగిపోదు, జారి తొడిమ దగ్గరికి వచ్చి ఆగుతుంది. దగ్గరి దారి అదే. నిజంగానే శంషాబాద్ నుంచి డల్లాస్‌కు అతి తక్కువ దూరపు గీత గీస్తే అది దాదాపు ఉత్తర ధ్రువం పక్క నుంచే పోతుంది. పటం మీద స్కేలు పెట్టి గీసే గీత అరేబియా, ఉత్తర ఆఫ్రికా, అట్లాంటిక్ సముద్రం మీదుగా పోతుంది. ఆ గీత వెంట ఎగిరితే 17,600 కిలోమీటర్ల పైమాటే. గుండ్రటి భూమిని కాగితం మీద పరచాలంటే ఉత్తరాన ఉన్న దేశాలను సాగదీయక తప్పదు, అందుకే పటంలో గ్రీన్‌లాండ్ అంత పెద్దగా, దారి అంత వంకరగా కనిపిస్తాయి.

2021 జనవరిలోనే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా మొదటి విమానాన్ని ఉత్తర ధ్రువం మీదుగానే నడిపారు. కాక్‌పిట్‌లో ఉన్నది అందరూ మహిళలే, నాయకత్వం కెప్టెన్ జోయా అగర్వాల్‌ది. దూరం దాదాపు 14,000 కిలోమీటర్లు. మనలాంటి ఆడవాళ్లు నడిపి చూపించిన దారి అది, మీరు భయపడాల్సిన దారి కాదు.

దుబాయ్ నుంచి పోయే మీ విమానం ధ్రువం దాకా పోదు. అక్కడి నుంచి డల్లాస్‌కు దగ్గరి గీత రష్యా, ఉత్తర యూరప్, గ్రీన్‌లాండ్, కెనడా వైపుగా ఉంటుంది. రోజూ ఒకే దారిలో పోతుందని కూడా కాదు. గాలి ఎటు వీస్తోంది, ఏ దేశం తన ఆకాశం మూసింది అన్నది చూసి ఆ రోజుకు ఆ రోజు దారి వేస్తారు. 2022 నుంచి రష్యా చాలా పాశ్చాత్య దేశాల విమానాలను తన మీదుగా పోనివ్వడం లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన దేశపు విమానాలకు ఆకాశం మూసేశాక ఢిల్లీ నుంచి అమెరికా పోయే మన విమానాలు చుట్టు తిరగాల్సి వచ్చింది. కాబట్టి టికెట్‌లోని సమయానికి అరగంట ముందో వెనకో అయితే కంగారు పడకండి. గల్ఫ్ వైపు ఏదైనా ఉద్రిక్తత ఉన్నట్టు వార్తల్లో చూస్తే మాత్రం బయలుదేరే ముందు కంపెనీకి ఫోన్ చేసి విమానం ఉందో లేదో కనుక్కోండి.

ఇప్పుడు నేను నిజంగా చెప్పదలుచుకున్న మాటకు వస్తాను. ఇరవై మూడు గంటలన్నది విమానం లెక్క. మీ ఒంటి లెక్క వేరే ఉంది, అది మీ గడప దగ్గర మొదలై బిడ్డ ఇంట్లో మంచం మీద ఒరిగేదాకా నడుస్తుంది. అందులో రెండు చోట్ల జనం దెబ్బతింటారు. ఒకటి తేదీ దగ్గర, రెండోది మందుల దగ్గర.

తేదీ సంగతి చూడండి. గురువారం తెల్లవారుజామున 4:20 అంటే మీరు ఇల్లు దాటాల్సింది బుధవారం రాత్రి. ఇది చదవడానికి చిన్న విషయంలా ఉంటుంది, కానీ దీని వల్ల విమానం తప్పిపోయిన కుటుంబాలు ఉన్నాయి. మన పెద్దవాళ్లకు రోజు మారేది సూర్యోదయంతో. పంచాంగంలో వారం మొదలయ్యేది అప్పుడే. రాత్రి రెండు గంటలైనా ఇంకా బుధవారమే అని మన మనసు అనుకుంటుంది. టికెట్‌కు రోజు మారేది రాత్రి పన్నెండు గంటలకు. గురువారం ప్రయాణం అని మనసులో పెట్టుకుని గురువారం రాత్రికి సామాను సర్దుకునేవాళ్లకు, విమానం ఆ పొద్దున్నే వెళ్లిపోయిందని అప్పుడు తెలుస్తుంది. అందుకని ఇంట్లో క్యాలెండర్ మీద గురువారానికి గుర్తు పెట్టకండి. బుధవారం గడిలో "రాత్రి తొమ్మిదిన్నరకు బయలుదేరాలి" అని రాయండి. బంధువులకు కూడా అదే చెప్పండి. ప్రయాణానికి మంచి గడియ చూడమని పంతులుగారిని అడిగేటట్టయితే ఆయనకు విమానం సమయం కాకుండా బుధవారం రాత్రి గడప దాటే సమయం చెప్పండి. వర్జ్యం ఉందంటే ఇంకా ముందే బయలుదేరవచ్చు. ఆలస్యంగా మాత్రం కుదరదు.

తొమ్మిదిన్నర ఎందుకంటే, అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు చేరాలి, అంటే రాత్రి 1:20కి. కౌంటర్లు సాధారణంగా విమానానికి గంట ముందు మూసేస్తారు, ఆ తర్వాత ఎంత బతిమాలినా తెరవరు. నకిరేకల్ నుంచి నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా పెద్ద అంబర్‌పేట దాకా హైవే, అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఊళ్లోకి పోకుండానే శంషాబాద్ చేరతారు. మామూలుగా రెండున్నర గంటలు చాలు. పండగ రోజుల్లో పంతంగి టోల్ దగ్గర ఎన్ని బండ్లు నిలబడతాయో మీకు తెలిసిందే. జూన్‌లో ఆ రద్దీ ఉండదు కానీ తొలకరి వాన పడవచ్చు, టైరు పంక్చర్ కావచ్చు. ఓ గంట చేతిలో ఉంచుకోవడం మంచిది. మన దక్షిణ జిల్లాల మిగతా పాఠకులకు కూడా ఇదే లెక్క. దేవరకొండ వాళ్లు సాగర్ రోడ్డు మీదుగా ఇబ్రహీంపట్నం దాటి, కల్వకుర్తి, అచ్చంపేట వాళ్లు శ్రీశైలం రోడ్డు మీదుగా తుక్కుగూడ దగ్గర ఔటర్ అందుకుంటారు. మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల వాళ్లకు బెంగళూరు హైవే నేరుగా శంషాబాద్‌కే తెస్తుంది. గద్వాల నుంచి వచ్చేవాళ్లు తమ దారి నకిరేకల్ దారికంటే పొడుగన్నది గుర్తుంచుకోవాలి.

డల్లాస్‌లో దిగాక ఇమిగ్రేషన్ వరుస, సామాను, బయటికి వచ్చి కారు ఎక్కడం, వీటికి రెండు గంటలు వేసుకోండి. బుధవారం రాత్రి తొమ్మిదిన్నరకు నకిరేకల్‌లో బయలుదేరిన మీరు మన సమయం ప్రకారం శుక్రవారం పొద్దున ఐదున్నర ప్రాంతంలో బిడ్డ కారులో కూర్చుంటారు. అంటే ముప్పై రెండు గంటలు. మీరు సిద్ధపడాల్సింది ఈ ముప్పై రెండు గంటలకు.

ఇక మందులు. ఉత్తరమంతటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మీ రాత్రి తొమ్మిది గంటల సూది. దుబాయ్ నుంచి పొద్దున బయలుదేరిన విమానం పడమటికి, సూర్యుడి వెంటే పోతుంది. పైగా జూన్ నెల, మీరు పోయే ఉత్తరపు కొసన ఆ రోజుల్లో సూర్యుడు అస్తమించడు. డల్లాస్‌లో పొద్దుగూకేది ఎనిమిదిన్నర దాటాకే. మొదటి విమానంలో మీకు తెల్లవారిందంటే మళ్లీ చీకటి చూసేది దాదాపు ఇరవై ఐదు గంటల తర్వాత. నకిరేకల్‌లో గురువారం రాత్రి తొమ్మిది అయ్యేసరికి మీరు గాలిలో ఉంటారు, దుబాయ్ వదిలి పది గంటలు కావస్తుంటుంది, కిటికీ తెర ఎత్తితే కళ్లు చెదిరే ఎండ. దాన్ని చూసి "ఇంకా రాత్రి కాలేదు కదా" అనిపిస్తుంది.

ప్రమాదం అంతకంటే పెద్దది దిగిన తర్వాత ఉంది. విమానంలో మన తొమ్మిదికి సూది వేసుకున్నారనుకుందాం. డల్లాస్‌లో ఇంటికి చేరి, స్నానం చేసి, బిడ్డ పెట్టిన అన్నం తిని గడియారం చూస్తే అక్కడా రాత్రి తొమ్మిది అవుతుంది. రోజూ వేసుకునే వేళ కాబట్టి చెయ్యి దానంతట అదే సూది మీదికి పోతుంది. కానీ రెండు తొమ్మిదుల మధ్య గడిచింది పదిన్నర గంటలే. రోజుకొకసారి వేసుకునే మందు పదిన్నర గంటల్లో రెండుసార్లు ఒంట్లోకి పోతే, అలసిన శరీరంలో, నిద్రలో షుగర్ పడిపోవచ్చు. పోనీ ఆ రాత్రి మానేసి మర్నాటి డల్లాస్ తొమ్మిదికి వేసుకుంటే మధ్యలో ముప్పై నాలుగున్నర గంటల ఖాళీ. రెండూ మంచివి కావు.

ఎంత వేసుకోవాలో, ఎప్పుడు వేసుకోవాలో నేను చెప్పను, అది మీ డాక్టరు చెప్పాలి. మీది భోజనం ముందు వేసుకునే రకమా, ఇరవై నాలుగు గంటలు పనిచేసే రకమా అన్నదాన్ని బట్టి సలహా మారిపోతుంది. ప్రయాణానికి రెండు మూడు వారాల ముందే వెళ్లండి. "అమెరికా పోతున్నాను, ఏం చేయాలి" అని మాత్రమే అడిగితే సగం సలహాయే దొరుకుతుంది. ఒక కాగితం మీద పైన మనం వేసుకున్న లెక్కంతా మన సమయంలో రాసుకెళ్లండి: బుధవారం రాత్రి 9:30 ఇల్లు, గురువారం 4:20 విమానం, 8:20 దుబాయ్, 11:10 రెండో విమానం, శుక్రవారం తెల్లవారుజాము 3:20 డల్లాస్. పక్కనే డల్లాస్ సమయం కూడా రాయండి. ఏ గంటకు ఏ మందు, ఎంత మోతాదు, గోలీలు ఎప్పుడు, అక్కడి వేళలకు ఎన్ని రోజుల్లో ఎలా మారాలి, అన్నీ ఆ కాగితం మీదే డాక్టరు చేత రాయించుకోండి. బుధవారం రాత్రి సూది సంగతి కూడా అడగండి, తొమ్మిదికి వేసుకుని తొమ్మిదిన్నరకు బండి ఎక్కుతారు కాబట్టి భోజనం ఎప్పుడు చేయాలో తెలియాలి.

చేతికి ఒక మామూలు గడియారం పెట్టుకోండి. బిడ్డ ఇంటికి చేరేదాకా దాని ముల్లు తిప్పకండి, మన సమయమే ఉండనివ్వండి. ఫోన్‌ను నమ్ముకోవద్దు, దుబాయ్‌లో దిగి సిగ్నల్ తగలగానే అది తనంతట తానే అక్కడి సమయానికి మారిపోతుంది. ఫోన్‌లో పెట్టుకున్న అలారం కూడా దానితో పాటే జరిగిపోతుంది.

ఇన్సులిన్‌ను పెద్ద సూట్‌కేసులో పెట్టకండి. కింద సామాను అరలో బాగా చల్లబడి గడ్డకడితే ఆ మందు పనికిరాదు, పైగా సూట్‌కేసు తప్పిపోతే మందూ పోతుంది. మందులు, సూదులు, షుగర్ చూసుకునే మీటరు, డాక్టరు చీటీ అన్నీ చేతి సంచిలోనే ఉండాలి. చీటీలో మందు పేరు, మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇంగ్లీషులో రాయించుకోండి. సెక్యూరిటీ దగ్గర అడిగితే చూపించవచ్చు, మందులకు అభ్యంతరం చెప్పరు. షుగర్ పడిపోతే వెంటనే తినడానికి గ్లూకోజ్ పొడో చక్కెరో బిస్కెట్లో జేబుకు అందేలా పెట్టుకోండి. కళ్లు తిరిగినా, చెమటలు పట్టినా మొహమాటపడకుండా సీటు పైన ఉండే బటన్ నొక్కండి. అక్కడి సిబ్బందికి చెప్పడానికి "డయాబెటిస్" అన్న ఒక్క మాట చాలు.

రెండు చోట్ల మారే టికెట్ గురించి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను, తీసుకోకండి. కుర్రవాళ్లయితే డబ్బు మిగుల్చుకోమని చెప్పేదాన్ని. మొదటి ప్రయాణం, షుగర్, మోకాళ్లు, మూడూ కలిసినప్పుడు మారే చోటు ఒకటి పెరగడమంటే గంటలతో పాటు వరుసలు, మెట్లు, పరుగులు కూడా పెరగడమే. అందులోనూ రెండో మార్పు అమెరికాలోని ఇంకో నగరంలో అయితే మరీ కష్టం. అమెరికాలో మొదట ఏ ఊళ్లో దిగితే ఇమిగ్రేషన్ అక్కడే. అక్కడే సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ ఇచ్చి, లోపలి విమానం పట్టుకోవాలి. దుబాయ్ నుంచి నేరుగా డల్లాస్ అయితే ఆ పనంతా డల్లాస్‌లో, బయట అల్లుడు నిలబడి ఉండగా జరుగుతుంది. ఆలస్యమైనా పోయేదేమీ లేదు. మీ టికెట్‌లో దుబాయ్‌లో ఉన్న రెండు గంటల యాభై నిమిషాలు సరిపోతాయి. ఒక్కటి మాత్రం అల్లుణ్ని అడగండి: రెండు విమానాలూ ఒకే బుకింగ్ నంబరు మీద ఉన్నాయా అని. అలా ఉంటే శంషాబాద్‌లో ఇచ్చిన సామాను డల్లాస్‌లోనే వస్తుంది, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా ఇంకో విమానంలో పంపే బాధ్యత కంపెనీదే. విడివిడిగా కొన్న టికెట్లకు ఆ రక్షణ ఉండదు.

మీ ఆయనకు వీల్‌చైర్ చెప్పించండి. టికెట్ తీసుకున్నాక కంపెనీకి ఫోన్ చేస్తే రాసుకుంటారు, డబ్బు తీసుకోరు. నడవగలిగినవాళ్లం కదా, వీల్‌చైర్ ఎందుకని సిగ్గుపడవద్దని ఆయనకు చెప్పండి. దుబాయ్ విమానాశ్రయంలో ఒక గేటు నుంచి ఇంకో గేటుకు చాలా దూరం నడవాలి, మోకాళ్లకు అది భారం. పైగా దారి తెలిసిన మనిషి వెంట ఉంటాడు కాబట్టి మీకూ టెన్షన్ తగ్గుతుంది. విమానంలో పదహారు గంటలు కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఇద్దరూ గంటకో రెండు గంటలకో లేచి నాలుగడుగులు వేయండి, కూర్చున్నప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడించండి. విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది, దాహం వేయకపోయినా నీళ్లు తాగుతూ ఉండండి. బాత్‌రూమ్‌కు లేవాల్సి వస్తుందని నీళ్లు మానేసే ఆడవాళ్లు చాలామంది, మీరు మాత్రం అలా చేయకండి. నడవ పక్క సీటు అడగండి, ఎవర్నీ లేపకుండా లేవవచ్చు.

సామానులో సకినాలు, కారప్పూస, మామిడికాయ తొక్కు పెట్టుకోవచ్చు, దిగాక తినే వస్తువులున్నాయని ఉన్నదున్నట్టు చెప్పండి. మాంసం పచ్చళ్లు, పచ్చి కరివేపాకు, తాజా పండ్లు వద్దు. బిడ్డకు ఇష్టమని బత్తాయిలు పెట్టారంటే అక్కడ తీసి పారేస్తారు, దాచిపెడితే జరిమానా కూడా వేస్తారు.

తిరుగు ప్రయాణం నవంబరు చివర్లో ఉంటుందనుకుని చెబుతున్నాను. అప్పటికి అమెరికాలో గడియారాలు గంట వెనక్కి జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం నుంచి డల్లాస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక అవుతుంది. వచ్చేటప్పుడు దుబాయ్ దాకా పదహారు గంటలు పట్టదు, పద్నాలుగున్నర ప్రాంతంలో వచ్చేస్తుంది. భూమి తిరగడం వల్ల అలా అవుతుందని కొందరు అంటారు, అది నిజం కాదు, భూమితో పాటు గాలీ తిరుగుతుంది. అసలు కారణం విమానం ఎగిరే పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు వీచే బలమైన గాలులు. వాటిని జెట్ స్ట్రీమ్ అంటారు, గంటకు వంద, రెండు వందల కిలోమీటర్ల వేగం వాటికి మామూలే, చలికాలంలో ఇంకా ఎక్కువ. పోయేటప్పుడు అవి ఎదురవుతాయి, లేదా వాటిని తప్పించుకుని ఉత్తరంగా పోవాలి. వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తాయి.

కానీ కాగితం మీద ఈ ప్రయాణమే పొడుగ్గా కనిపిస్తుంది. సోమవారం సాయంత్రం 7 గంటలకు డల్లాస్‌లో ఎక్కితే శంషాబాద్‌లో దిగేది బుధవారం తెల్లవారుజామున 2:50కి అనుకోండి. చూడగానే రెండు రోజులని భయం వేస్తుంది. మన గడియారంలోకి మార్చండి. డల్లాస్‌లో సోమవారం రాత్రి 7 అంటే మనకు మంగళవారం పొద్దున 6:30. అక్కడి నుంచి బుధవారం 2:50 దాకా ఇరవై గంటల ఇరవై నిమిషాలే. పోయినదానికంటే తక్కువ. మందుల కాగితం ఇంకొకటి కావాలి, ఈసారి రోజు సాగదు, కుంచించుకుపోతుంది. డల్లాస్ తొమ్మిదికీ ఆ తర్వాత వచ్చే మన తొమ్మిదికీ మధ్య పన్నెండున్నర గంటలే ఉంటాయి. దాన్ని కూడా ఇప్పుడే ఇక్కడి డాక్టరు చేత రాయించుకుని పోండి, అక్కడ డాక్టరును చూడటం ఖర్చుతో కూడిన పని.

మిమ్మల్ని తీసుకురావడానికి బండి పంపేవాళ్లకు మాత్రం మంగళవారం రాత్రే నకిరేకల్ నుంచి బయలుదేరమని చెప్పండి.